గేరు మార్చు సమయము

మనుష్యుడు చేయు తప్పులలో కొన్ని దురుద్దేశమువలన గలుగును. కొన్ని యాలస్యమువలన గలుగును. మొదటివానిని నీతివేత్తలందఱును నిందించిరి. రెండవవానిని తప్పులని చెప్పుటకే మనము సంకోచింతుము. "అప్పటికి వ్యవధి లేకపోయెను" అను నొక్క మాటతో వానిని మన్నించి యూరకుందుము. ఈ మన్నింపు న్యాయమైనదేనా యను ప్రశ్నను నేనిచట విచారింపదలచితిని. ఇందులకు దృష్టాంతముగా రాజుల చరిత్రమును గాక, చిన్న యింజనుగల కొండబాటల బండియొక్క గేరును గైకొనుచున్నాను. చదువరులు నవ్వినను నవ్వుదురుగాక. పిమ్మట నా మాటలను విందురని నమ్ముచున్నాను.

జపానుదేశపు సుజుకీవారు 1970లో 359 ఘన సెంటిమీటరుల యింజనుతో జిమ్నీ యను చిన్నబండిని వెలువరించిరి. దాని సంతతిలోనిదే 1985లో మన దేశమున బయలుదేఱిన మారుతీ జిప్సీ. దానికి తొలుత నుండినది 970 ఘన సెంటిమీటరుల యింజను. బలము సుమారు 45 గుఱ్ఱములు. 1996లో 1300 ఘన సెంటిమీటరుల యింజను వచ్చెను. 2019 నాటికి సామాన్యులకు దానిని విక్రయించుట నిలిచిపోయినది. అయినను పాతబండ్లు కొన్ని కొండబాటలయందు నేటికిని దిరుగుచున్నవి. నాయొద్ద నున్నదియు నట్టి పాతబండియే.

ఇంజనునకు అన్ని వేగములయందును లాగుశక్తి యొక్కరీతిగ నుండదు. మిక్కిలి మెల్లగా దిరుగునపుడు శక్తి చాలదు. నడిమివేగమున దిరుగునపుడు చక్కగా లాగును. ఇంజను తనకు దగిన వేగమున దిరుగుచుండగా, చక్రములు నేలకు దగిన వేగమున దిరుగునట్లు చేయుటయే గేరుయొక్క పని. తక్కువ గేరున బండి మెల్లగా పోవును గాని బలము హెచ్చును. ఎక్కువ గేరున వేగము హెచ్చును గాని బలము తగ్గును. ఒకదానిని గొన్నచో రెండవదానిని విడువవలసినదే. పెద్ద యింజను గలవాడు గేరు తప్పుగ వేసినను, ఇంజను ముక్కుచునైన నెత్తెక్కి యాతని తప్పును గప్పిపుచ్చును. చిన్న యింజను అట్లు గప్పిపుచ్చదు. సంపన్నుని యింట జరిగిన దుబారా సంవత్సరాంతమునగాని తెలియదు. సామాన్య గృహస్థుని యింట నొక్క రూపాయి వృథాయైనను సాయంకాలమునకే తెలియును.

గేరు మార్చుటకు క్లచ్చి త్రొక్కవలెను. త్రొక్కినంతసేపు ఇంజనునకును చక్రములకును సంబంధము తెగియుండును. చదునునేలపై ఆ క్షణము లెక్కకు రాదు. బురదగల నిట్టయెత్తున నో, ఆ క్షణముననే బండి తన యూపునంతయు గోలుపోవును. అందుచేత ఎత్తునకు దగిన గేరును ఎత్తుయొక్క మొదటనే వేసికొనవలెను. మఱియు నీ బండికి గేరు లివరుప్రక్క రెండవ లివరొకటి యుండును. నాలుగు చక్రములకును శక్తి నిచ్చుటకును, ఆ శక్తిని నింకను హెచ్చించు లో-రేంజిని వేయుటకును అదియే సాధనము. లో-రేంజిని బండి నిలిపి గాని, నిలిచినంత మెల్లగా నడుపుచు గాని వేయవలెను. నా బండివంటి వానిలో ముందుచక్రముల హబ్బులనుగూడ క్రిందికి దిగి చేతితో ద్రిప్పి బిగింపవలసి యుండును. అనగా, బురదలో జిక్కుకొనకముందే బురదలో గాలుపెట్టుటకు సిద్ధపడవలెను.

కొన్నియేండ్ల క్రిందట వానకాలమున పాడేరు ప్రాంతమునందలి యొక మట్టిబాటమీద మా పిన్నిగారిని బండిలో నెక్కించుకొని పోవుచుంటిని. ఆమెకు జ్వరముగా నుండెను. ప్రక్కన మా బావమఱది కూర్చుండెను. బాట యొకచోట నేఱు దాటి నిలువుగా నెక్కుచుండెను. అచట నిలిచి, దిగి, హబ్బులు బిగించి, లో-రేంజి వేయవలెనని నాకు స్పష్టముగా దెలియును. కాని వాన కురియుచుండెను. అంతకుముందే మా బావమఱది నా జాగ్రత్తను జూచి రెండుమాఱులు నవ్వియుండెను. నేను దిగలేదు. రెండవ గేరుననే యెత్తునకు బండిని దోలితిని. సగము దూరమున ఇంజను మూలుగ నారంభించెను. మొదటి గేరు వేయబోయితిని, అది పడలేదు. రెండవమాఱు ప్రయత్నించులోపల బండి నిలిచి, వెనుకకు జారి, గట్టునకు దగిలి యాగెను. పిన్నిగారు పడకుండుటకై ఇనుపకమ్మిని బట్టుకొనగా మణికట్టు విఱిగెను.

ఆమె నొప్పితో మూలుగుచునే నన్నోదార్చెను. "పోనీలే నాయనా, నువ్వేం చేస్తావు, బాట అలాంటిది" అనెను. మాకు సాయము వచ్చినవారిలో జీపు నడిపి నడిపి తల నెఱసిన యొక వృద్ధుడుండెను. అతడు చక్రములవంక జూచి, హబ్బులను జూచి, మెల్లగా నిట్లనెను: "కొండ కింద ఆలోచించాల, బాబూ. కొండ మీద ఇంకేటి ఆలోచిస్తావు?"

ఆ యిద్దఱిలో సత్యము పలికినవా రెవరు? నేను చాలకాలము పిన్నిగారి మాటనే పట్టుకొంటిని. గేరు పడకపోవుట చేతి నేర్పునకు సంబంధించిన లోపము. నేర్పులేమి పాపము కాదు గదా యని నన్ను నేను సమాధానపఱచుకొంటిని. సగమెత్తున నాకు వ్యవధి లేకపోయెననుట సత్యమే. కాని యెత్తుమొదట నాకు వ్యవధి యుండెను, తెలివియు నుండెను. అచట నన్నాపినది తెలియమి కాదు. బురదకు జంకిన సోమరితనమును, నవ్వునకు జంకిన యభిమానమును. కావున నా తప్పును సగమెత్తున వెదకరాదు, ఏటియొడ్డున వెదకవలెను. వ్యవధి లేదని మొఱపెట్టువాడు ఆ వ్యవధిని పోగొట్టినవాడెవడో ముందుగా జెప్పవలెను. ఆ తప్పునకు వెలయిచ్చినది నేను గాక, నన్ను నమ్మి కూర్చున్న యామె యగుటవలన అది నేర్పునకు సంబంధించిన విషయము మాత్రమేగాక నీతివిషయమును అయినది.

"అట్లయిన నెల్లప్పుడును తక్కువ గేరుననే పోవుదము, అపాయముండదు" అని యొకరు అనవచ్చును. అదియు వివేకము గాదు. చదునుబాటపై మొదటి గేరున బోవువాని యింజను వృథాగా ఱంకెలు వేయును, పెట్రోలు హరించును. బురదలో మితిమీఱిన బలము చక్రములను ఉన్నచోటనే గిఱగిఱ ద్రిప్పి గోయి త్రవ్వును. అందుచేతనే యనుభవజ్ఞులు లో-రేంజిలో రెండవ గేరున కదలుదురు. దిగుడునందు మఱియొక ప్రలోభము కలదు. పెట్రోలు మిగులునని న్యూట్రలున బండిని విడిచి దిగువారిని మనము చూచుచున్నాము. అప్పుడు బరువంతయు బ్రేకులపై బడి యవి వేడెక్కి పట్టు వదలును. తక్కువ గేరున దిగువాని కింజనే పగ్గమగును. ఒకచోట భయము, ఒకచోట లోభము, ఒకచోట డంబము మన చేతిని గేరుపై దప్పుదారి బట్టించుచున్నవి.

నడవడి విషయమున ముందుగా వ్రాసిపెట్టిన సూత్రము చాలదనియు, వైద్యమునందును నౌకాయానమునందును వలెనే ఆ యా సందర్భమునకు దగినదానిని కర్తయే విచారించుకొనవలెననియు గ్రీకు తత్త్వవేత్తయగు అరిస్టాటిలు చెప్పెను. సూత్రము లేదనగా బాధ్యత లేదని యర్థము గాదు. సూత్రమున్నచోట దానిని జూచి నడువవచ్చును. లేనిచోట చెవి యొగ్గి ఇంజనును వినవలెను, కనులు విప్పి నేలను జూడవలెను.

మన సంసారములను జూడుడు. అప్పుచేసి పెండ్లి చేయరాదను వివేకము మనకు శుభలేఖలు పంచిన పిమ్మట గలుగుచున్నది. కూతురు ఇంకను చదువవలసినదను తలంపు సంబంధము నిశ్చయమైన పిమ్మట గలుగుచున్నది. అప్పుడు నలుగురును "ఇంక నేమి చేయగలము?" అందురు. నిజమే, అప్పుడు చేయగలిగినది స్వల్పము. చేయగలిగిన కాలమున మనము నలుగురి నవ్వునకు వెఱచి యూరకుంటిమి. మన గృహములలో పెక్కింటికి బలము తక్కువ. బలము తక్కువగుట సిగ్గుపడవలసిన విషయము గాదు; తక్కువ గేరు వేయుటయు సిగ్గు గాదు. ఉన్న బలము నెఱిగి ముందుగా నిశ్చయించుకొనక పోవుటయే సిగ్గు.

పిన్నిగారి మణికట్టు అదుకుకొన్నది గాని నేటికిని ఆమె నిండుబిందె నెత్తలేదు. నీళ్లు తోడవలసివచ్చినపుడు ఎవరినో పిలుచును. బాటనే గాని నన్నెన్నడును నిందింపదు. నేను మాత్ర మిప్పుడు ఎత్తు కనబడగానే బండి నిలిపి, దిగి, హబ్బులు బిగించుచున్నాను. మా బావమఱది ఇంకను నవ్వుచునే యున్నాడు.