యజమాని సంతకం

మా ఇంటికి కుక్కపిల్ల వచ్చింది అనడం కన్నా నేను తెచ్చాననడమే నిజం. తెచ్చాను గానీ తెద్దామని అనుకోలేదు.

2024 ఆగస్టు. ముసురు పట్టి మూడు రోజులైంది. వారంలో మూడు రోజులు రాజమండ్రి వెళ్లి పాఠాలు చెప్పి వస్తుంటాను. ఆ సాయంత్రం మండపేటలో బస్సు దిగి కాలవ గట్టు మీదుగా నడిచి వస్తుంటే రైస్‌మిల్లు గోడ పక్కన తడిసిన గోనెసంచీ, దానిలోంచి సన్నటి కూత. నాలుగు పిల్లలున్నాయి. మూడు అప్పటికే చల్లబడిపోయాయి. నాలుగోది కళ్లు తెరిచి చూసింది. పక్కనే టీ కొట్టాయన, "మగదొకటుండేదండి, పొద్దున్నే ఎవరో పట్టుకుపోయారండి. ఇయ్యన్నీ ఆడవేనండి, ఎవరికి కావాలండి?" అన్నాడు. ఆయన మాటలో క్రూరత్వమేం లేదు. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతి చెప్పాడు, అంతే. ఆడకుక్కని పెంచితే ఏడాది తిరక్కుండా గేటు ముందు వీధికుక్కలన్నీ చేరతాయి, ఆ తర్వాత పిల్లలు, ఆ పిల్లల్ని ఏం చెయ్యాలన్న బెంగ. అందుకని తల్లి దగ్గర్నించి తీసి కాలవ గట్టు మీద వదిలేస్తారు. బస్సు దిగేదాకా నేను మనసులో రాసుకుంటున్న వ్యాసం ఇంటిచాకిరీ గురించి. చున్నీలో చుట్టుకుని ఇంటికి నడిచాను.

మా ఇంట్లో ఎప్పుడూ కుక్క లేదు. నాన్నగారి చిన్నప్పుడు ఎడ్లుండేవి, నా చిన్నతనంలో ఓ గేదె ఉండేది. కుక్క మాత్రం వీధిదే. మిగిలిన అన్నం గేటు బయట పెట్టేవాళ్లం. నాన్నగారు పోయాక అమ్మ ఒక్కర్తే ఉంటోందని నేను హైదరాబాద్ వదిలి వచ్చి నాలుగేళ్లయింది. పిల్లని చూసి అమ్మ అన్న మొదటి మాట, "ఇదెవరు చూత్తారే?"

నేను చూస్తానన్నాను. చూడలేదు.

మొదటి రాత్రి ఆవుపాలు కాచి పోశాను. తెల్లారేసరికి ఇల్లంతా విరేచనాలు. పశువుల ఆస్పత్రి డాక్టరుగారు నవ్వి, కుక్కపిల్లకి ఆవుపాలు అరగవండీ, మెత్తగా ఉడికించిన అన్నంలో కోడిగుడ్డో కోడిమాంసమో కలిపి రోజుకి నాలుగుసార్లు కొంచెం కొంచెం పెట్టండి అన్నారు. పురుగుల మందు రెండు వారాలకోసారి, పార్వో లాంటి జబ్బులకి టీకా మూడు నాలుగు వారాల తేడాతో రెండు మూడు విడతలు, మూడో నెల నిండాక రేబిస్ టీకా. ఇవన్నీ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. రాసుకోవడం నాకు బాగా వచ్చు. కానీ నాలుగుసార్లు అన్నం పెట్టేది ఎవరు? నేను రాజమండ్రిలో ఉన్న రోజుల్లో అమ్మ. నేను ఇంట్లోనే ఉండి గది తలుపేసుకుని చదువుకుంటున్న రోజుల్లోనూ అమ్మే. మోకాళ్ల నొప్పులతో వంగి ఉచ్చ తుడిచేది అమ్మ. రాత్రి రెండింటికి కుంయ్‌మంటే లేచేదీ అమ్మే. దయ నాది, చాకిరీ ఆవిడది. తొంభైల నాటి కథల్లో భర్తలు చుట్టాలని భోజనానికి పిలుచుకొచ్చి భార్యని వంటింట్లోకి తోలడం మీద నేను అరవై పేజీలు రాశాను. నా థీసిస్‌లో ఆ అధ్యాయమే బాగుందన్నారు.

నెల తర్వాత ఓ రోజు అమ్మ తడిగుడ్డ నా టేబుల్ మీద, కాగితాల మీదే పెట్టి వెళ్లిపోయింది. ఏమీ అనలేదు. అప్పట్నించీ పొద్దుటి పనీ రాత్రి పనీ నావి. మధ్యాహ్నాలు ఇప్పటికీ అమ్మవే. సరిసమానమైందని చెప్పను.

నెల్ నాడింగ్స్ 1984లో రాసిన 'కేరింగ్' పుస్తకంలో నైతికత నియమాల్లోంచి కాక సంబంధంలోంచి పుడుతుందంటుంది. జంతువుల పట్ల బాధ్యత కూడా వాటితో మనకేర్పడిన సంబంధాన్ని బట్టే ఉంటుందంటుంది. జోసఫైన్ డోనవన్ 1990లో 'సైన్స్' (Signs) పత్రికలో రాసిన వ్యాసంలో జంతువుల హక్కుల గురించి మాట్లాడే తత్వవేత్తలు సానుభూతిని తక్కువ చేసి తర్కాన్నే నమ్ముకున్నారని ఎత్తిచూపింది. ఇవి నాకు చాలా ఇష్టమైన వాదనలు. కానీ ఆ తడిగుడ్డ చూశాక ఒకటి తోచింది. సంబంధం కలుపుకునేది ఒకరూ, దాన్ని నిలబెట్టడానికి వంగేది మరొకరూ అయినప్పుడు ఆ నైతికత ఎవరి ఖాతాలోకి వెళ్తుంది? సంరక్షణని స్త్రీల సహజగుణంగా పొగిడితే వాళ్ల మెడకి అదే ఉరవుతుందని నాడింగ్స్‌ని విమర్శించిన స్త్రీవాదులున్నారు. మా ఇంట్లో ఆ ఉరి వేసింది మగవాడు కాదు.

పేరు దగ్గర చిన్న గొడవ. వీధి పిల్లలు రాణి అన్నారు. నేను సరమ అన్నాను. కుక్క అనగానే మనవాళ్లకి స్వర్గం గుమ్మం దాకా ధర్మరాజు వెంట నడిచిన కుక్కే గుర్తొస్తుంది. దారిలో అందరికన్నా ముందు కూలిపోయింది ద్రౌపది. ఆమెకి అర్జునుడంటే పక్షపాతం ఎక్కువని ఓ కారణం చెప్పి వెనక్కి తిరిగి చూడకుండా నడిచిన మనిషే, కుక్కని వదిలి స్వర్గానికి రానన్నాడు. ఆ కథ నాకెప్పుడూ మింగుడుపడదు. సరమ కథ వేరు. మాకు నలభై కిలోమీటర్లు కూడా లేని రాజమహేంద్రవరంలో, రాజరాజనరేంద్రుడి కాలంలో నన్నయ తెలుగు చేసిన ఆదిపర్వంలో ఉంది. సరమ దేవతల కుక్క. జనమేజయుడి యజ్ఞశాలలో ఆడుకుంటున్న ఆమె కొడుకుని రాజు తమ్ముళ్లు కొట్టారు. ఆమె నేరుగా రాజు దగ్గరకొచ్చి, ఏ తప్పూ చెయ్యని నా బిడ్డని ఎందుకు కొట్టారని నిలదీసింది. మంచీ చెడూ ఆలోచించకుండా నోరులేనివాళ్లకి కీడు చేసేవాళ్లకి ఊహించని భయాలొస్తాయని చెప్పి వెళ్లిపోయింది. మన కావ్యాల్లో రాజుని కడిగిపారేసిన ఆడగొంతులు ఎన్నున్నాయో లెక్కపెట్టి చూడండి. ఆ లెక్కలో ఓ కుక్క ఉండడం నాకు గర్వం. అమ్మ మాత్రం రెంటినీ కాదని 'చిన్నీ' అంటుంది. కుక్క అమ్మకే పలుకుతుంది.

ఆరో నెల వచ్చేసరికి అసలు ప్రశ్న ఎదురైంది. డాక్టరుగారు, "మొదటిసారి ఎదకి రాకముందే ఆపరేషన్ చేయించేస్తే మంచిదండీ. ముందు ముందు గర్భాశయం చీము పట్టడం, రొమ్ము గడ్డలు లాంటివి రాకుండా ఉంటాయి. పిల్లల బెడద ఉండదు" అన్నారు. నాకు వెంటనే సబబుగానే తోచింది. ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. కుక్క కడుపు రెండు నెలల పైచిలుకే, ఒక్కో ఈతకి నాలుగో అయిదో ఆరో పిల్లలు, వాటిలో ఆడవాటి గతి గోనెసంచీయే. అన్నీ విని అమ్మ, "ఒక్క ఈతన్నా ఈననియ్యే. దాని ఉసురెందుకు మనకి" అంది.

నేను గొంతు పెంచాను. ఇది మూఢనమ్మకం అన్నాను. ఈనకపోతే కుక్కకి లోటని ఎవరు చెప్పారన్నాను. తల్లి కావడమే ఆడపుట్టుకకి సార్థకతా అని కూడా అన్నాననుకుంటాను. నా వరకూ పెళ్లి, పిల్లలు అన్న మాట అమ్మ ఎత్తినప్పుడల్లా చెప్పే ఉపన్యాసమే అది. అమ్మ చాలాసేపు బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చుని, "అచ్చం మీ నాయనమ్మలా మాట్లాడుతున్నావు" అంది.

తెలుగులో ఆడమనిషి 'ఆపరేషన్ చేయించుకుంది' అంటే ఏ ఆపరేషనో ఎవరూ అడగరు. తమ్ముడు పుట్టిన మూడో నెలలో, 1993లో, అమ్మకి ఆపరేషన్ అయింది. అప్పుడావిడకి ఇరవైమూడేళ్లు. ఒక ఆడ, ఒక మగ, ఇక చాలని నాయనమ్మ తేల్చింది. ఊళ్లో శిబిరం ఉందని చెప్పి తీసుకెళ్లారు. "కాగితం మీద మీ నాన్నగారు పెట్టారు, నేనూ పెట్టాను. సంతకం పెట్టించుకోవడం వేరు, అడగడం వేరు. నన్నెవరడిగారే? ఇంకో పిల్ల కావాలనుండేది నాకు." ముప్ఫై ఏళ్లలో ఈ మాట నేను వినడం అదే మొదటిసారి. స్త్రీల పునరుత్పత్తి హక్కుల మీద సెమినార్లలో పత్రాలు చదివినదాన్ని.

ఎమర్జెన్సీలో, 1976-77లో, జరిగిన ఆపరేషన్లలో ఎక్కువ భాగం మగవాళ్లవి. ప్రభుత్వం పడిపోయింది. ఆ తర్వాత ఏ ప్రభుత్వమూ మగవాళ్ల జోలికి పోలేదు, కుటుంబ నియంత్రణ మొత్తం ఆడవాళ్ల పొట్ట మీదికి మళ్లింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మందికి ఆపరేషన్ అయింది. మగవాళ్ల ఆపరేషన్లు ఒక శాతం కూడా లేవు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒకే శిబిరంలో 83 మందికి ఆపరేషన్లు చేస్తే పదిమందికి పైగా చనిపోయారు. 2016లో దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు మూడేళ్లలో ఈ శిబిరాల పద్ధతి ఆపెయ్యమంది. కుక్కల విషయంలోనూ లెక్క ఇలాగే ఉంటుంది. మగకుక్కకి పొట్ట కొయ్యక్కర్లేదు, ఆపరేషన్ తేలిక. కానీ ఒక్క మగకుక్క మిగిలినా ఎన్నింటినైనా కడుపు చేస్తుంది కనక, ఆడదాన్ని పట్టుకుంటేనే సంఖ్య తగ్గుతుందంటారు. సంఖ్య తగ్గించాలనుకున్న ప్రతివాడికీ ఈ తర్కం ఒకటే.

పోలిక ఎంత దూరం వెళ్తుంది? ఇక్కడే నేను చాలా రోజులు తచ్చాడాను. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ ఇంజెక్షన్ ప్రయోగం కోసం స్త్రీలని పోగేసినప్పుడు స్త్రీశక్తి సంఘటన వాళ్లు వెళ్లి, ఇది ప్రయోగమని మీకు తెలుసా అని అడిగారు. తెలిశాక చాలామంది వెనక్కి వెళ్లిపోయారు. 1986లో సుప్రీంకోర్టుకి వెళ్లారు. అడిగితే చెప్పగలిగినవాళ్లని అడక్కపోవడం, అక్కడ జరిగిన అన్యాయం అది. అమ్మకి జరిగిందీ అదే. సరమని నేను అడగలేను. ఆమె ఒప్పుకోలేదని అనడానికీ, ఒప్పుకుందని అనడానికీ నాకు ఆధారం లేదు. రెండూ ఒకటే అంటే అమ్మని నోరులేని జీవంతో సమానం చేసినట్టవుతుంది. నాయనమ్మ చేసింది సరిగ్గా అదే కదా. రెంటికీ సంబంధమే లేదందామన్నా కుదరడం లేదు. 'నీ మంచికే', 'ఇక చాలు', 'ఉన్నవాళ్లని పెంచడమే కష్టం' అని నా నోట్లోంచి వచ్చిన మాటలు, ఒక్కటీ మార్చకుండా, ఆవిడ ముప్ఫై ఏళ్ల కింద విన్నవే.

అడగలేని ప్రాణి విషయంలో ఏమీ చెయ్యకుండా ఊరుకోవడం కూడా ఓ నిర్ణయమే. దాని ఫలితం నేను చూశాను, మూడు చల్లబడిన పిల్లలు. ఇంకోవైపు పిల్లల ప్రాణాలున్నాయి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లవాడు వీధికుక్కల దాడిలో పోయాడు. ఆ తల్లి ముందు నిలబడి కుక్కల మాతృత్వం గురించి మాట్లాడే ధైర్యం నాకు లేదు. వీధికుక్కల్ని చంపకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలన్న 2001 నిబంధనలూ, వాటి స్థానంలో 2023లో వచ్చినవీ ఈ రెండు భయాల మధ్యనుంచి వెతుక్కున్న దారే. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ కుక్కలన్నిటినీ షెల్టర్లకి తరలించమని, పదకొండు రోజులకే విస్తృత ధర్మాసనం ఆ ఆదేశాన్ని సడలించడం అందరం చూశాం. సరమ కనే పిల్లలు ఆ వాదనల్లోకే పుడతాయి.

అమ్మని ఒప్పించలేదు. ఒప్పించానని రాస్తే బాగుండేది. "నీ ఇష్టం. కానీ దాని మంచికోసం అనకు. మనకి కుదరక చేయిస్తున్నాం అను" అంది. అది నాకు చాలా న్యాయంగా తోచింది. ఆరోగ్య లాభాలు నిజమే, కానీ అవి లేకపోయినా నేను ఇదే చేసేదాన్నని నాకు తెలుసు. నన్నయ సరమకి బిడ్డ లేకపోతే రాజుని అడగడానికి ప్రశ్నే లేదు. ఆ పేరు పెట్టి, ఆ కడుపు తీయించడానికి 2025 ఫిబ్రవరిలో ఆటోలో రాజమండ్రి తీసుకెళ్లాను.

అక్కడ ఇచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉంది. మత్తు పడకపోయినా, ప్రాణం పోయినా బాధ్యత మాది కాదు అని నాలుగు వరసలు, కింద 'ఓనర్' సంతకం. అమ్మ అది ఏమిటని అడిగింది. యజమాని అన్నాను. మా నాయనమ్మ తాతగారిని ఎప్పుడూ పేరుతో అనేది కాదు, యజమాని గారు అనేది. నేను కాగితం మొత్తం అమ్మకి తెలుగులో చదివి వినిపించాను, ఆ తర్వాత పెట్టాను. అలా చదివి వినిపించడం వల్ల సరమకి ఒరిగిందేమీ లేదు.

సాయంత్రం మత్తు పూర్తిగా దిగకముందే ఇంటికి తెచ్చాం. మెడకి ప్లాస్టిక్ కాలర్, పొట్ట మీద గొరిగిన చోట అంగుళంన్నర కుట్టు. రాత్రంతా వణుకుతూనే ఉంది. నేను మంచం మీద పుస్తకం పట్టుకుని ఎప్పుడు నిద్రపోయానో తెలీదు. మూడింటికి మెలకువొచ్చి చూస్తే అమ్మ కింద చాప మీద కూర్చుని ఉంది, దాని తల ఒళ్లో పెట్టుకుని, తన పాత నూలుచీర దానికి కప్పి. లైటు వెయ్యబోతే వద్దంది.

"నాకు ఇక్కడ పెట్టారు కుట్లు," అని బొడ్డు కింద చూపించింది. "బళ్లో వరండాలో చాపలేసి వరసగా పడుకోబెట్టారు. సాయంత్రానికి రిక్షాలో ఇంటికి. మూడోరోజు బిందె ఎత్తాను. ఎవరూ వద్దనలేదు, నేనూ అనుకోలేదు." కొంచెంసేపాగి, "డాక్టరు దీన్ని పది రోజులు గెంతనివ్వద్దన్నాడు కదా. పొద్దున్నే లేచి మేడ మెట్లకి అడ్డంగా ఆ పీట పెట్టు. నువ్వే పెట్టు, నేను వంగలేను" అంది.

తెల్లారి పీట పెట్టాను. చాల్లేదు. రెండు ఇటుకలు తెచ్చి ఆనించాను.