ఆకలి కాలం పచ్చగా ఉంటుంది

మందిరంలో మనం తరచుగా వినే పోలిక ఒకటుంది. కష్టం చలికాలం లాంటిదనీ, చెట్లు ఆకు రాల్చినట్టు మనమూ కొన్ని పోగొట్టుకుంటామనీ, ఓర్చుకుంటే దేవుడు వసంతం తెస్తాడనీ చెబుతారు. మాట మంచిదే. కానీ అది మంచు కురిసి నేల గడ్డకట్టే దేశాల్లో పుట్టిన పోలిక. అక్కడ చలి అంటే చావు, చిగురు అంటే బతుకు. పాడేరు, అరకు, చింతపల్లి వైపు మన కొండల్లో ఆ లెక్క సరిపోదు. లంబసింగి చలికి వణుకుతాం, నిజమే. అయితే మన ఇళ్లలో గింజ ఉండేది ఆ చలిలోనే. చోళ్లు ఇంటికి వస్తాయి, వలిసె పూలు కొండవాలంతా పసుపు పరుస్తాయి, కాఫీ పండు ఎర్రబడుతుంది. ఎండాకాలం వచ్చి అడవి మోడులా కనిపించినా, ఆకు రాల్చిన ఇప్ప చెట్టు కిందే తెల్లవారకముందు పువ్వు ఏరుకుంటాం. చింతపండు, అడ్డాకులు సంతకు దిగేదీ ఆ ఎండల్లోనే.

మన ఆకలి కాలం ఆషాఢ శ్రావణాల్లో వస్తుంది. అప్పుడు కొండ మొత్తం పచ్చగా ఉంటుంది. రోడ్డు మీద కారు ఆపి ఫొటోలు తీసుకునే పర్యాటకులకు మన ఊళ్లు ఎప్పుడూ లేనంత అందంగా కనిపించే కాలం అది. అదే సమయంలో పోయిన ఏటి చోళ్లు కుండ అడుగుకు చేరతాయి, కొత్త పంట ఇంకా మోకాలెత్తు మొక్కగా ఉంటుంది. పని మాత్రం ఏడాదిలోకెల్లా ఎక్కువ. కలుపు తీయాలి, గట్లు కట్టాలి, అడవి పందుల నుంచి చేను కాచుకోవాలి. జ్వరాలు వచ్చేదీ అప్పుడే. ఎండాకాలంలో పోగేసిన మామిడి టెంకలు పగలగొట్టి, లోపలి జీడి తీసి నానబెట్టి, నీళ్లు మార్చి మార్చి వగరు పోగొట్టి అంబలి కాచుకున్న రోజులు మన పెద్దవాళ్లకు బాగా గుర్తు. కొండరెడ్లు జీలుగు చెట్టు లోపలి గుజ్జును దంచి పిండి తీసేవారు. రేషను బియ్యం వచ్చాక ఈ బాధ చాలావరకు తగ్గింది. ఆ నెలల బెంగ మాత్రం పూర్తిగా పోలేదు.

కాబట్టి ఋతువుల నుంచి విశ్వాసపు పాఠం నేర్చుకోవాలంటే మన కొండ చెప్పే పాఠం ముందు వినాలి. ఇక్కడ కష్టం ఒక కాలంలో, ఎదుగుదల ఇంకో కాలంలో రావు. రెండూ ఒకే వానలో వస్తాయి. చేను ఎక్కువగా పెరిగే నెలలోనే చేను యజమాని చిక్కిపోతాడు.

ఈ సంగతి తెలిసినవాళ్లకు 126వ కీర్తన ఇంకోలా వినబడుతుంది. కన్నీళ్లతో విత్తేవాడు సంతోషంతో పనలు మోసుకొస్తాడనే మాట అందులో ఉంది. విత్తేటప్పుడు ఏడవడమెందుకని పట్నం పిల్లలు అడుగుతారు. మన పిల్లలు అడగరు. ఆనప బుర్రలో పోసి, పొయ్యి పైన అటక మీద పొగకు పెట్టి, పురుగు పట్టకుండా దాచిన విత్తనాలు ఇంట్లో ఉంటాయి. కింద పిల్లలు అంబలికి ఏడుస్తుంటారు. ఆ బుర్ర దించి నాలుగు పూటల తిండిని మట్టిలో చల్లాలి. ఏడుపు రాకుండా ఎలా ఉంటుంది? గోధుమ గింజ భూమిలో పడి చావకపోతే ఒంటిగానే ఉంటుందని యేసుప్రభువు యోహాను సువార్తలో చెప్పిన మాటను కూడా ఈ బుర్రతో కలిపి చదవాలి. ఆ గింజ ఎవరో ఒకరి నోటి దగ్గరి నుంచి తీసిందే అయివుంటుంది. విత్తనాన్ని తినకుండా దాచిన మన అవ్వలకు విశ్వాసం గురించి మనం కొత్తగా చెప్పేది తక్కువ.

బైబిలు కాలాలను మన కాలాలతో పోల్చేటప్పుడు ఉపాధ్యాయులు ఒక విషయం గమనించాలి. యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో రైతు తొలకరి వాన కోసం, కడవరి వాన కోసం ఓపికతో కనిపెడతాడని ఉంది. తొలకరి అనగానే మనకు జూన్ గుర్తొస్తుంది. యేసు తిరిగిన దేశంలో తొలి వాన పడేది అక్టోబరు, నవంబరు ప్రాంతంలో. చలికాలమే వాళ్లకు వానకాలం. కడవరి వాన మార్చి, ఏప్రిల్‌లో పడుతుంది, పస్కా నాటికి యవలు కోతకు వస్తాయి. మే నుంచి సెప్టెంబరు దాకా చుక్క పడడం అరుదు. మన ఎండాకాలం పంటల్లా వాళ్లకు అంజూరం, ద్రాక్ష ఎండల్లోనే పండుతాయి. ఈ తేడా చెబితే పిల్లలకు వాక్యం దూరమైపోతుందని కొందరు భయపడతారు. మా అనుభవంలో దగ్గరే అవుతుంది. ఆ రైతు కూడా ఒక నిర్దిష్టమైన కొండ మీద, తనదైన మబ్బు వైపు చూసిన మనిషేనని తెలుస్తుంది. బడి పుస్తకంలోని మూడు కాలాల పాఠం అయ్యాక, మీ ఇంట్లో ఏ నెలలో ఏం తింటారో రాసుకురమ్మని పిల్లలను అడిగి చూడండి. పుస్తకంలో లేని కాలాలు ఎన్నో బయటపడతాయి.

కష్టం మనిషిని పెంచుతుందా అనే ప్రశ్నకు మన కాఫీ తోట దగ్గర మంచి జవాబు దొరుకుతుంది. కాఫీ మొగ్గ కొమ్మ కణుపుల్లో ఎండాకాలమంతా నిద్రపోతుంది. నేల ఆరి, చెట్టుకు కొంత దాహం వేయాలి. ఆ తర్వాత మార్చి, ఏప్రిల్‌లో ఒక మంచి వాన పడితే, వారం పది రోజుల్లో తోటంతా ఒక్కసారిగా తెల్లగా పూస్తుంది. ఆ ఎండ తగలకపోతే పూత ఒకేసారి రాదు, కాస్త ఇప్పుడు కాస్త అప్పుడు వచ్చి చెదిరిపోతుంది. ఇంతవరకే చెప్పి ఆపేస్తే, చూశారా, శ్రమలేనిదే పూత లేదు అని ఎవరైనా ప్రసంగం చేయవచ్చు. చేస్తున్నారు కూడా. కానీ కాఫీ రైతుకు మిగతా సగం తెలుసు. ఆ వాన మరీ ఆలస్యమైతే మొగ్గలు అలాగే మాడిపోతాయి. ఇంకా ఎండనివ్వండి, ఇంకా బాగా పూస్తుంది అని ఏ రైతూ అనడు. దగ్గరలో గెడ్డ ఉంటే బిందెలతోనైనా నీళ్లు మోసి పోస్తాడు.

మన యువత అడిగే అసలు ప్రశ్న ఇక్కడే ఉంది. మనకు వచ్చే ప్రతి కష్టమూ దేవుడు పంపిన ఋతువేనా? వాన పడటం ఋతువు. గెడ్డ పొంగటం ఋతువు. ఆ గెడ్డ మీద వంతెన లేక, నొప్పులు పడుతున్న తల్లిని డోలీలో కట్టుకుని కిలోమీటర్ల కొద్దీ మోసుకెళ్లటం ఋతువు కాదు. శ్రావణంలో ఇంట్లో గింజ నిండుకోవటం ఋతువు. అప్పుడు తెచ్చుకున్న అడ్డెడు చోళ్లకు పంటనాడు కళ్లంలోనే కుప్ప కొలిచి పట్టుకుపోవటం, అది కట్టలేక భూమి చేతులు మారటం ఋతువు కాదు. ఋతువైతే దాని మీద చట్టం చేయాల్సిన పని ఉండేది కాదు. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1970లో 1/70 చట్టం వచ్చిందంటే, ఆ నష్టం మనుషులు చేసేదని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. ఇలాంటివాటి ముందు నిలబడి, అంతటికీ ఒక సమయముంది, ఓర్చుకో తమ్ముడూ అని ప్రసంగి గ్రంథం తెరవటం ప్రసంగికి కూడా అన్యాయమే. నాటేందుకు ఒక కాలం, పెరికేందుకు ఒక కాలం అని ఆయన అన్నాడు గానీ, ఒకడు నాటితే ఇంకొకడు కోసుకోవాలనలేదు.

బైబిలులో కరువు రోజుల కథలు చాలా ఉన్నాయి. యోసేపు ఏడేళ్ల పంట దాచిన కథ అందరికీ చెబుతాం. ఆ గింజ కోసం ఐగుప్తు ప్రజలు చివరికి పశువులను, పొలాలను, తమనే ఇచ్చేసుకున్నారని ఆదికాండం 47లో ఉన్న భాగం మాత్రం తక్కువగా చదువుతాం. మన ఊళ్లకు ఇంకా పనికొచ్చే కథ నెహెమ్యా 5వ అధ్యాయం. యెరూషలేము గోడ కడుతున్న రోజుల్లో ఆకలి వచ్చింది. జనం గింజల కోసం పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు కుదువపెట్టారు, పిల్లలను దాస్యానికి పంపారు. అప్పిచ్చినవాళ్లు పరాయివాళ్లు కారు, సొంత జనమే. ఆ మొర విని నెహెమ్యాకు కోపం వచ్చిందని గ్రంథం రాస్తుంది. ఆ కోపాన్ని తప్పుగా రాయలేదు. వచ్చే పంట దాకా ఓపిక పట్టండని ఆయన ఎవరికీ చెప్పలేదు. ముందు తనలో తాను ఆలోచించుకున్నాడు, తర్వాత పెద్దలను గద్దించాడు, పెద్ద సభ పిలిచాడు, తానూ తన వాళ్లూ కూడా అప్పులిచ్చినవాళ్లమేనని అందరి ముందు చెప్పాడు, పొలాలూ వడ్డీ తిరిగి ఇప్పించాడు, యాజకులను పిలిచి ప్రమాణం చేయించాడు. దేవుణ్ణి నమ్మినవాడు కరువుకు తలవంచవచ్చు, వడ్డీకి తలవంచనక్కర్లేదు అని ఈ కథ నుంచి మేము అర్థం చేసుకున్నాం.

అయితే ఓపికకు విలువ లేదని కాదు. అది ఎక్కడ పట్టాలో తెలియాలి. లూకా సువార్త 13వ అధ్యాయంలో మూడేళ్లుగా కాయని అంజూరపు చెట్టును నరికేయమంటాడు యజమాని. తోటమాలి ఇంకొక్క ఏడాది అడుగుతాడు. ఊరికే ఆగమనడు, చుట్టూ తవ్వి ఎరువు వేస్తానంటాడు. ఇంట్లో కువి మాట్లాడి, బడిలో మొదటిసారి తెలుగు అక్షరం చూసే బిడ్డ రెండేళ్లు నోరు విప్పకపోతే, మొద్దు అని పుస్తకంలో రాసేసే మాస్టారు ఉంటారు. ఆ బిడ్డ భాషలో నాలుగు మాటలు నేర్చుకుని పలకరించే మాస్టారూ ఉంటారు. ఆ పలకరింపే ఎరువు.

కొత్త పండుగల గురించి కూడా ఒక మాట. కొత్త మామిడి కాయ అయినా, కొత్త చిక్కుడైనా ఊరంతా పండుగ చేసుకున్నాకే నోట పెట్టాలనే కట్టడి మన పెద్దలది. మొదటి పన దేవుని ఎదుటికి తెచ్చేదాకా కొత్త పంట తినకూడదని లేవీయకాండం 23 ఇశ్రాయేలీయులకు చెప్పింది. రెండింటిలో దేవుళ్లు వేరు, మొక్కులు వేరు, ఆ తేడాను దాచనక్కర్లేదు. కానీ ఆకలి నెలలు దాటి వచ్చినవాడు కంటి ముందు పండు వేలాడుతున్నా పక్కింటివాడి కోసం ఆగటం రెండు చోట్లా ఉంది. క్రైస్తవులమయ్యామని ఆ ఆగటాన్ని కూడా వదిలేసిన ఊళ్లలో ఇప్పుడు ఎవరి చెట్టు వాళ్లది, ఎవరి కాయ వాళ్లది.

మన సంఘాల్లో కోత పండుగ చేసుకుంటాం. చోళ్లు, సామలు, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి మందిరంలో పెడతాం, తర్వాత వేలం వేస్తాం. వేలం సందడిగానే ఉంటుంది, ఒక్క గుమ్మడికాయ మూడు కాయల ధర పలుకుతుంది. ఆ డబ్బు మందిరం రేకులకో మైకుకో పోతుంది. కోళ్లను, కాయలను వేలం వేసుకుందాం, అవి నిలవ ఉండవు. చోళ్లు మాత్రం అలా కాదు, బాగా ఎండబెడితే ఏళ్ల తరబడి చెడవు. వాటిని గాదెలో పోసి, ఆషాఢంలో గింజ నిండుకున్న ఇంటికి, మందిరానికి వచ్చే ఇల్లయినా రాని ఇల్లయినా, కుంచం ఇచ్చి పంటనాడు కుంచమే తీసుకుంటే షావుకారు గడప తొక్కేవాళ్లు కొందరైనా తగ్గుతారు. ఎలుకల సంగతి ఆడవాళ్లకు తెలుసు. లెక్క పుస్తకం చదువుకున్న పిల్లలు రాయాలి. తాళం ఎవరి దగ్గర ఉండాలన్న దగ్గరే గొడవ వస్తుంది కాబట్టి రెండు తాళాలు పెట్టుకోవచ్చు. ఈ మాట పండుగకు నెల ముందే పెద్దల దగ్గర కదపండి. వేలం మొదలయ్యాక ఎవరూ వినరు.