ఎనిమిది శాతం

పదకొండేళ్లుగా హైదరాబాద్ అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షలకు అర్థమెటిక్ చెబుతున్నాను. శాతాల చాప్టర్ మొదలుపెట్టే రోజు బోర్డు మీద నేను రాసే మొదటి వాక్యం చాలాకాలం ఒకటే ఉండేది: 'ఎక్స్ వద్దు, 100 అనుకోండి.' అది చూడగానే బెంచీల్లో అందరి ముఖాలూ తేటపడేవి. ఊళ్ల నుంచి వచ్చి, ఒక్క గదిలో నలుగురు అద్దెకుండి, చిక్కడపల్లి లైబ్రరీలో పొద్దంతా కూర్చుని చదివే పిల్లలు వాళ్లు. లెక్కల పేరెత్తితేనే బెదిరేవాళ్లు. వాళ్ల భయం తీస్తున్నానని గర్వపడేవాణ్ణి. ఆ వాక్యం వాళ్లకంటే ముందు నాకే అవసరమైందని మాత్రం ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పాలి.

మా వృత్తిలో వేగమే అన్నం పెడుతుంది. ఐబీపీఎస్ క్లర్క్ ప్రిలిమ్స్‌లో 35 లెక్కలకు 20 నిమిషాలు ఇస్తారు. అంటే లెక్కకు 34 సెకన్లు. తప్పు జవాబు పెడితే పావు మార్కు పోతుంది. అంత కొద్ది సమయంలో సమీకరణం రాసే తీరిక ఎక్కడిదని అనేవాణ్ణి. జీతం 20 శాతం పెరిగి మళ్లీ 20 శాతం తగ్గితే మొత్తమ్మీద 4 శాతం నష్టం. బియ్యం ధర 25 శాతం పెరిగితే, ఖర్చు పెరగకుండా ఉండాలంటే వాడకం 20 శాతం తగ్గించాలి. ఇలాంటివన్నీ ఎక్కాల్లా వల్లె వేయించాను. ఒక్కో రకానికి ఒక్కో సూత్రం. నా నోట్సులో శాతాలకే నలభై రెండు రకాలుండేవి. పిల్లలు జిరాక్స్ తీసుకుని దాచుకునేవారు.

కొన్నేళ్ల కిందట ఒకమ్మాయి పరీక్ష రాసి నేరుగా నా దగ్గరికి వచ్చింది. నేను చెప్పిన ఒక లెక్క అందులో పడిందట. మేం దాన్ని పాస్ మార్కుల లెక్క అంటాం. క్లాసులో నేను చెప్పింది ఇది: ఒకరికి 30 శాతం మార్కులొచ్చి 30 మార్కుల తేడాతో ఫెయిలయ్యారు, ఇంకొకరికి 45 శాతం వచ్చి పాస్ మార్కు కంటే 15 ఎక్కువ వచ్చాయి, మొత్తం మార్కులెన్ని? సూత్రం: మార్కులు రెండూ కలుపు, శాతాల తేడాతో భాగించు, వందతో గుణించు. 45 ని 15 తో భాగిస్తే 3, వందతో గుణిస్తే 300.

పరీక్షలో ఇచ్చింది కొంచెం వేరు. ఒకరికి 30 శాతం వచ్చి 30 మార్కులు తక్కువయ్యాయి, ఇంకొకరికి 35 శాతం వచ్చి 15 మార్కులు తక్కువయ్యాయి. ఆ అమ్మాయి నేను చెప్పినట్టే 30, 15 కలిపింది. 45 ని 5 తో భాగించి, వందతో గుణించి 900 తెచ్చింది. ఆప్షన్లలో 900 ఉంది. టిక్ పెట్టింది. జవాబు 300.

"ఇక్కడ కలపొద్దు, తీసెయ్యాలని ఎట్ల తెలుస్తది సార్?" అని అడిగింది.

"ఒకరు పాసైతే కలుపమ్మా. ఇద్దరూ ఫెయిలైతే తీసెయ్. రాసుకో" అన్నాను.

రాసుకుంది. నా నోట్సులో నలభై మూడో రకం చేరింది. ఆ అమ్మాయి అడిగింది 'ఎట్ల తెలుస్తది' అని. ఆ ప్రశ్నకు జవాబు ఒక్క వరసలో ఉంది. ఇద్దరు రాసిందీ ఒకే పరీక్ష, ఇద్దరికీ పాస్ మార్కు ఒకటే. మొత్తం మార్కులు ఎక్స్ అనుకుంటే మొదటివారి వైపు నుంచి పాస్ మార్కు 0.30 ఎక్స్ + 30, రెండోవారి వైపు నుంచి 0.35 ఎక్స్ + 15. రెండూ సమానం. కాబట్టి 0.05 ఎక్స్ = 15, ఎక్స్ = 300. కలపాలా తీసెయ్యాలా అని ఎవరినీ అడగనక్కర్లేదు, గుర్తులే చెబుతాయి. ఆ రోజు నేను ఇది చెప్పలేదు. అప్పటికి ఆ లెక్కను అలా చూడటం నాకే అలవాటు లేదు. ఆ అమ్మాయి మళ్లీ రాలేదు. ఆ ప్రశ్న మాత్రం నాలో ఉండిపోయింది.

తర్వాతి యాసంగిలో సూర్యాపేట దగ్గరి మా ఊరి నుంచి నాయిన ఫోన్ చేశాడు. వరి కోసి, వడ్లు తూర్పార పట్టించి, కాంటా వేయిస్తే 60 క్వింటాళ్లు తూగాయి. తేమ 25 ఉంది. కొనుగోలు కేంద్రంలో 17 శాతానికి మించి తేమ ఉంటే తీసుకోరు. కల్లంలో ఆరబోశారు.

"ఎండినంక ఎన్నొస్తయి రా?" అని అడిగాడు.

క్లాసుకు వెళ్లే తొందరలో ఉన్నాను. ఇరవై అయిదులోంచి పదిహేడు తీస్తే ఎనిమిది. "ఎనిమిది శాతం పోతది నాయినా. 55 క్వింటాళ్ల 20 కిలోలు రావాలె. 40 కిలోల బస్తాలైతే 138" అన్నాను. నాలుగు సెకన్లు కూడా పట్టలేదు.

వారం తర్వాత తూకం వేస్తే 54 క్వింటాళ్ల 20 కిలోలే వచ్చాయి. నేను చెప్పినదానికి ఒక క్వింటాలు తక్కువ. 138 బస్తాలు రావాల్సిన చోట 135న్నర. నాయిన మళ్లీ ఫోన్ చేసి, లెక్క సరిగ్గానే చేశావా అని అడిగాడు. రోజూ వందల మందికి లెక్కలు చెప్పే కొడుకుని అడుగుతున్నాడు. "లెక్కల తప్పేముంటది నాయినా, కల్లంల ఎవరున్నరో చూడు" అన్నాను.

ఆ వారం రాత్రుళ్లు కల్లంలో కావలి పడుకున్నది మా ఇంటి పక్కాయన. చిన్నప్పటి నుంచి నేను మామా అని పిలిచే మనిషి. చెరువు కట్ట మీద నన్ను భుజాన ఎక్కించుకుని తిప్పినవాడు. నాయిన ఆయన్ను దొంగ అనలేదు. "రెండు మూడు బస్తాలు తక్కువొచ్చినయి, రాత్రిపూట ఎవరన్న వచ్చిన్రా?" అని మాత్రం అడిగాడు. అడిగిన తీరు ఆయనకు అర్థమైంది. ఆ రోజు నుంచి మా గడప తొక్కలేదు. ఈ సంగతి అమ్మ ఫోన్‌లో చెబితే విని ఊరుకున్నాను.

ఇంకో పది రోజులకు క్లాసులో ద్రాక్షపళ్ల లెక్క వచ్చింది. తాజా పండ్లలో 90 శాతం నీరు, ఎండిన పండ్లలో 20 శాతం నీరు, 20 కిలోల తాజా పండ్లు ఎండితే ఎన్ని కిలోలు? ఏళ్లుగా చెబుతున్నదే. నీరు పోగా మిగిలే శాతాలు 10, 80. 20 ని 10 తో గుణించి 80 తో భాగించు, రెండున్నర కిలోలు. చాక్‌పీస్ పట్టుకుని 'నీరు ఎంత పోయినా పండు గుజ్జు అంతే ఉంటుంది' అని పెద్దగా చదువుతూ రాశాను. రాస్తుంటే చెయ్యి ఆగిపోయింది.

నాయిన వడ్లు కళ్ల ముందు కనిపించాయి. బోర్డు మీద ఒక పక్కన రాశాను. 60 క్వింటాళ్లలో 25 శాతం నీరంటే, నీరు కాని గింజ 75 శాతం, అంటే 45 క్వింటాళ్లు. ఎండకు నీరే పోతుంది, ఆ 45 ఎక్కడికీ పోదు. ఎండిన వడ్లు ఎక్స్ అనుకుంటే, అందులో 17 శాతం నీరు, 83 శాతం గింజ. 0.83 ఎక్స్ = 45. ఎక్స్ విలువ 54.22. నూరు కిలోలకు తగ్గేది ఎనిమిది కిలోలు కాదు, తొమ్మిది కిలోల అరవై నాలుగు. ఆ 25 శాతం పచ్చి వడ్లలో, ఈ 17 శాతం ఎండిన వడ్లలో. రెండు వేర్వేరు మొత్తాల శాతాలను ఒకదాంట్లోంచి ఒకటి తీసేశాను. పోయిందనుకున్న క్వింటాలు అసలు కల్లంలో ఎన్నడూ లేదు. అది నా తీసివేతలో పుట్టింది.

ఆ లెక్క నాకు రాక కాదు. ద్రాక్షపళ్లని ఉంటే నిద్రలో లేపినా చేస్తాను. వడ్లు అనేసరికి గుర్తుపట్టలేకపోయాను. నేను నేర్చుకున్నదీ, పిల్లలకు నేర్పినదీ లెక్క వేసుకున్న వేషాన్నే. వేషం మారితే నాకూ తెలియదు, వాళ్లకూ తెలియదు.

ఇది ఎక్కడ మొదలైందో తవ్వి చూసుకున్నాను. ఎనిమిదో తరగతిలో ఒక రోజు 'ఒక సంఖ్యలో 40 శాతానికి 12 కలిపితే 60, ఆ సంఖ్య ఎంత' అన్న లెక్కకు నన్ను బోర్డు దగ్గరికి పిలిచారు. సమీకరణం రాసి ఇస్తే సాధించగలను. మాటల్లోంచి సమీకరణం రాయడం నాకు రాలేదు. తెలియని సంఖ్యకు పేరెలా పెట్టాలో తోచక, సుద్దముక్క పట్టుకుని క్లాసంతా చూస్తుండగా బెల్లు కొట్టేవరకు నిలబడ్డాను. ఆ రోజు నుంచి ఎక్స్‌ను తప్పించుకునే దారులు వెతికాను. దొరికిన దారులకే తర్వాత షార్ట్‌కట్లని పేరు పెట్టి ఫీజు తీసుకున్నాను. పిల్లల భయం తీస్తున్నానని చెప్పుకుంటూ నా భయాన్నే వాళ్లకు పంచాను. ఇది ఒప్పుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది.

100 అనుకోవడంలో తప్పేమీ లేదు. భాస్కరాచార్యులు 1150లో రాసిన లీలావతిలో దాన్ని ఇష్టకర్మ అన్నాడు. ఇష్టమైన సంఖ్య ఒకటి అనుకుని లెక్క నడిపి, వచ్చిన ఫలితాన్ని అసలు ఫలితంతో పోల్చి సరిచేయడం. పోలైన ఓట్లలో 10 శాతం చెల్లలేదు, చెల్లినవాటిలో 60 శాతం తెచ్చుకున్న అభ్యర్థి ఏకైక ప్రత్యర్థిపై 1,800 ఓట్లతో గెలిచాడు, మొత్తం ఓట్లెన్ని? వంద అనుకుంటే చెల్లినవి 90, ఆధిక్యం 18. అసలు ఆధిక్యం దానికి వంద రెట్లు, కాబట్టి ఓట్లు 10,000. అన్నీ ఒకే మొత్తంలో భాగాలైనప్పుడు ఇష్టకర్మ ఇలా చక్కగా పనిచేస్తుంది. పాస్ మార్కుల లెక్కలో వంద అనుకుంటే మొదటివారి వైపు నుంచి పాస్ మార్కు 60, రెండోవారి వైపు నుంచి 50 వస్తుంది. లెక్క అక్కడే విరుగుతుంది. శాతంతోపాటు విడిగా ఒక సంఖ్య వచ్చి కలిస్తే అవ్యక్తానికి, అంటే తెలియని సంఖ్యకు, పేరు పెట్టక తప్పదు. భాస్కరాచార్యులే బీజగణితంలో ఆ అవ్యక్తాన్ని యావత్తావత్ అన్నాడు. 'ఎంతయితే అంత' అని అర్థం. ఆ మాట చదివినప్పుడు ఎనిమిదో తరగతి పిల్లవాడు గుర్తొచ్చాడు. ఎక్స్ అంటే 'ఎంతుందో అంత' అని ఆ రోజు ఎవరైనా చెప్పి ఉంటే సుద్దముక్క కదిలేది.

ఆ ద్రాక్షపళ్ల లెక్క రోజు క్లాసు అయిపోగానే బస్సెక్కి ఊరెళ్లాను. నాయినను తీసుకుని మామ ఇంటికి పోయాను. అరుగు మీద కూర్చుని, తప్పు నాదేనని చెప్పాను. చేటలో వడ్లు పోయించుకుని, గింజ ఎంతో నీళ్లెంతో కుప్పలు పెట్టి చూపించాను. ఎండకు ఏది పోతుందో, ఏది పోదో చెప్పాను. ఆయన అంతా విన్నాడు. "లెక్క మంచిగనే ఉంది గని, నన్ను అడగకముందు చెయ్యాల్సిన లెక్క కద రా ఇది" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. చేతులు పట్టుకున్నాను. విడిపించుకోలేదు.

ఇప్పుడు నా నోట్సులో నలభై మూడు రకాలు లేవు. శాతాల మొదటి క్లాసులో మూడు ప్రశ్నలు రాస్తాను. ఈ శాతం దేనిలో? లెక్క మొదటి నుంచి చివరిదాకా మారనిది ఏది? ఒకే దాన్ని రెండు విధాలుగా చెప్పిన చోటు ఏది? మొదటి ప్రశ్నకు జవాబు తెలియకపోతే దానికి ఎక్స్ అని పేరు పెడతాం. మూడో ప్రశ్నకు జవాబు దొరికిన చోట సమానం గుర్తు పెడతాం. మొదటి రెండు వారాలు పిల్లలు నెమ్మదిగా చేస్తారు, కొందరు విసుక్కుంటారు, కొందరు వేరే చోటికి వెళ్లిపోతారు. మిగిలినవాళ్లకు నెల తిరిగేసరికి సమీకరణం మనసులోనే పడుతుంది. షార్ట్‌కట్లు అప్పుడు చెబుతాను, ఒక్కోటి ఏ సమీకరణంలోంచి వచ్చిందో చూపించి మరీ.

ఆ అమ్మాయి ఎక్కడుందో తెలియదు. ఇది చదివితే, నీ ప్రశ్న సరైనదమ్మా, జవాబు ఇవ్వనిది నేను.

60 క్వింటాళ్ల వడ్లు 25 శాతం తేమ నుంచి 17 శాతానికి ఎండితే 54 క్వింటాళ్ల 22 కిలోలవుతాయి. మా మామ ఒక్క గింజ తీయలేదు.