మేరీ ప్రార్థన ఎటు పోయింది?

'మిస్సమ్మ' గురించి నలుగురు నందమూరి అభిమానులు మాట్లాడుకుంటే ఆ మాటలు చివరికి ఒకచోటే ఆగుతాయి. "ఆఖర్న ఆ పిల్ల మహాలక్ష్మేనని తేలిపోయిందిగా, ఇంక గొడవేముంది?" అంటారు. గుంటూరులో మా అపార్ట్‌మెంట్ పెద్దవాళ్లం ఏటా మే 28న, రామారావుగారి పుట్టినరోజున, ఆయన పాత సినిమా ఒకటి పెట్టుకుని చూస్తాం. శతజయంతి ఏడాది, 2023లో, 'మిస్సమ్మ' చూశాం. ఆ రోజు మొదలైన వాదన ఇప్పటికీ తెగలేదు. నేను లూథరన్ సంఘంలో పుట్టి పెరిగినదాన్ని. రామారావుగారంటే ప్రాణం పెట్టే మనిషిని కూడా. పెంచిన విశ్వాసం గొప్పదా, పుట్టిన మతం గొప్పదా అన్న ప్రశ్నను ఆ సినిమా నవ్విస్తూనే మన ముందు పెట్టింది. దానికి అది చెప్పిన జవాబు నాకు సరిపోలేదు.

కథ మీకు తెలిసిందే. అప్పారావుపేట జమీందారుగారి బడికి పట్టభద్రులైన భార్యాభర్తలు కావాలి. ఉద్యోగం లేని ఎం.టి.రావు, అప్పు తీర్చాల్సిన మేరీ దంపతుల్లా నటిస్తూ ఆ ఊరు చేరతారు. చక్రపాణిగారు బెంగాలీ రచనల్లోంచి తీసుకుని అల్లిన కథ ఇది. మాటలు పింగళివారివి, దర్శకత్వం ఎల్.వి.ప్రసాద్‌గారిది. 1955 జనవరి 12న విడుదలైంది. అప్పటికి నాలుగేళ్ల క్రితమే 'పాతాళభైరవి'లో కత్తి పట్టిన తోటరాముడు ఇక్కడ పంచెకట్టు పంతులు. కిరీటం లేదు, గద లేదు, గొంతు హెచ్చించడం లేదు. మేరీ విసుక్కుంటే తలొంచుకుంటాడు, కసిరితే నవ్వి ఊరుకుంటాడు. తర్వాత దేవుడి వేషాల్లో ఆయన్ను చూసి దణ్ణాలు పెట్టినవాళ్లకు ఈ రావులోని మెత్తదనం ఇప్పటికీ ఆశ్చర్యమే. నాకైతే ఆయన చేసిన మనుషుల్లో అందరికంటే దగ్గరివాడు ఇతనే. రామారావుగారు బి.ఏ. చదివింది మా ఊరి ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీలో. అది 1885లో లూథరన్ మిషనరీలు పెట్టిన కాలేజీ. మేరీలాంటి పంతులమ్మలు ఆయనకు కొత్తవాళ్లేం కాదు.

అందులో మేరీ, మరియమాతకు ప్రార్థన చేసే పాట ఒకటుంది. సాలూరి రాజేశ్వరరావుగారి బాణీ, పి.లీల గొంతు. మేం మరియమాతకు ప్రార్థన చెయ్యం, అది కేథలిక్కుల పద్ధతి. అయినా ఆ పాట వస్తే మా అమ్మ చేతిలో పని ఆపేసేది. కుగ్లర్ ఆస్పత్రిలో నర్సుగా రాత్రి డ్యూటీలు చేసిన మనిషి, ఎవరు నిజంగా ప్రార్థిస్తున్నారో ఎవరు పెదాలు కదుపుతున్నారో ఆవిడకు ముఖం చూస్తే తెలుస్తుంది. మేరీగా నటించిన సావిత్రి ముఖం చూసి, "ఈ పిల్లకు దేవుడు తప్ప దిక్కు లేదు, ఆ సంగతి ఈ పిల్లకు తెలుసు" అంది ఒకసారి. చుట్టూ అబద్ధమే. పెళ్లి అబద్ధం, సంసారం అబద్ధం, ఆ ఇంటివాళ్లు ఆదరంతో చేసే ప్రతి మర్యాదా ఆమెకు ఇరకాటమే. ఆ అబద్ధాల నడుమ ఆమెకు మిగిలిన ఒకే ఒక్క నిజం ఆ ప్రార్థన.

అంత నిజాన్ని చూపించాక, పుట్టుమచ్చ బయటపడుతుంది. పుష్కరాల్లో తప్పిపోయిన జమీందారు పెద్దకూతురు మహాలక్ష్మి ఈమేనని, నాగేశ్వరరావుగారి డిటెక్టివ్ రాజు కాలి మీది మచ్చ పట్టుకుని తేలుస్తాడు. అందరికీ సంతోషం. హాల్లో మాకూ సంతోషం, మా పక్కఫ్లాట్ అన్నయ్యగారైతే చప్పట్లు కొట్టారు. నేను మాత్రం అడిగాను: పెద్దయ్యేదాకా ఏ దేవుడికి ఏడ్చి చెప్పుకుందో, ఆ దేవుడితో ఆమెకున్న సంబంధం ఒక మచ్చతో తెగిపోతుందా?

ఈ ప్రశ్న నాకు ఇంత పట్టడానికి కారణం మా ఇంట్లో ఉంది. మా అమ్మమ్మ వాళ్లమ్మ ధాత కరువులో దొరికిన పిల్ల. 1876, 77, 78 సంవత్సరాల్లో మద్రాసు ప్రెసిడెన్సీని పీల్చి పిప్పిచేసిన కరువది. రోడ్డు పక్కన ఏడుస్తుంటే ఎవరో ఎత్తుకొచ్చి మిషన్ బంగళాలో అప్పగించారట. అమ్మానాన్నలు ఎవరో తెలీదు, ఊరు తెలీదు. తన పేరేమిటని అడిగితే ఏదో చెప్పింది గానీ ఎవరికీ అర్థం కాలేదని అమ్మమ్మ చెప్పేది. దొరసానులు రాహేలు అని పేరు పెట్టి, బోర్డింగులో చదువు చెప్పించి, బాప్తిస్మం ఇప్పించారు. ఆవిడ పెద్దయ్యాక బైబిల్ స్త్రీగా పల్లెపల్లెకూ నడిచి వెళ్లి ఆడవాళ్లకు అక్షరాలు నేర్పింది. ఆవిడను వెతుక్కుంటూ ఏ డిటెక్టివూ రాలేదు. వచ్చి, "నువ్వు ఫలానావారి ఆడపడుచువి, మీ దేవుడు వేరు" అని రుజువు చూపించి ఉంటే? పుట్టింటివాళ్ల కాళ్లకు దణ్ణం పెట్టి, వాళ్లకు అన్నం వండి పెట్టి ఉండేది. ఆదివారం మాత్రం చర్చికే వెళ్లేది. ఆవిడ గురించి విన్నదాన్నిబట్టి ఈ మాట ధైర్యంగా చెప్పగలను.

ఇక్కడ మా వాళ్ల సంగతీ చెప్పాలి. విశ్వాసులందరూ దేవుడికి దత్తపుత్రులని రోమా పత్రికలో పౌలు రాసింది మేం గుడిలో ఎన్నిసార్లు విన్నామో లెక్క లేదు. సినిమాలో మేరీని పెంచిన తండ్రి పేరు కూడా పాలే. గుడి బయటికొచ్చి పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు మాత్రం, "మీరు ఏ క్రైస్తవులు?" అనే మొదట అడుగుతారు. రాహేలు అవ్వకు ఆ ప్రశ్నకు జవాబు లేదు. అందువల్ల రెండు సంబంధాలు తప్పిపోయాయట. పుట్టుకను పక్కన పెట్టామనే వాళ్లూ పుట్టుమచ్చ కోసం వెతుకుతూనే ఉన్నారు. అందుకే ఈ తప్పు ఒక్క 'మిస్సమ్మ'ది అని నేను అనను. ఆ సినిమా మన అందరి మనసునీ చూపించింది.

అభిమానులు సరిగ్గా చూడవలసింది రావునని నా వాదన. మహాలక్ష్మి సంగతి ఎవరికీ తెలియకముందే అతను మేరీని ప్రేమించాడు. తన మతం కాదని తెలిసి, తనను చూస్తే మండిపడుతుందని తెలిసి ప్రేమించాడు. తన పక్షాన అతనికి ఏ రుజువూ అక్కర్లేకపోయింది. ఆమె అతని వైపు తిరిగిందీ మచ్చ చూసుకుని కాదు. జమీందారు చిన్నకూతురు సీతతో రావు చనువుగా ఉంటే ఆమె మనసు ముందే చివుక్కుమంది. మరి ఆ మచ్చ ఎవరికోసం? హాల్లో కూర్చున్న మనకోసం. ఇంకో విశేషం కూడా ఉంది. ఎవరి మతం వాళ్లు వదులుకోకుండానే వేరువేరు మతాలవాళ్లు రిజిస్ట్రారు ముందు పెళ్లి చేసుకునే వీలిచ్చిన ప్రత్యేక వివాహ చట్టం 1954లో వచ్చి, 1955 జనవరి 1న అమల్లోకి వచ్చింది. పదకొండు రోజులకు 'మిస్సమ్మ' విడుదలైంది. రావు, మేరీ ఉన్నవాళ్లు ఉన్నట్టుగానే వెళ్లి సంతకాలు పెట్టుకునే దారి అప్పటికే తెరుచుకుంది. ప్రేక్షకుడి గుండెకు అంత ధైర్యం ఉందని నిర్మాతలు అనుకోలేదేమో. అనుకోనందుకు నేను వాళ్లను నిందించను. ఈ రోజు తీసినా ఆ మచ్చ అవసరపడుతుందేమోనన్న దిగులే నాది.

మా అన్నయ్యగారు చాలా చదువుకున్న మనిషి, ఊరికే ఒప్పుకోరు. "అమ్మా, ఏ పేరుతో పిలిచినా పలికేవాడు ఒక్కడే. మేరీగా పిలిచినా మహాలక్ష్మిగా పిలిచినా వినేవాడు అదే దేవుడు. ఆమె ప్రార్థన ఎటూ పోలేదు" అన్నారు. మంచి మాట, నేనూ కాదనను. కానీ వినేవాడు ఒక్కడే అయినప్పుడు ఆమె మేరీగానే ఉండిపోతే వచ్చిన నష్టమేంటి? రెండు దారులూ ఒకచోటికే పోతాయని నమ్మేవాళ్లు, ఆమెను ఇటువైపు దారికి మళ్లించాకే ఎందుకు ఊపిరి పీల్చుకున్నారు? ఆయన చాలాసేపు ఆలోచించి, దీనికి తర్వాత చెప్తానన్నారు.

ఆయన చెప్పేలోపు నేనే భాగవతం, భారతం తీశాను. కృష్ణుణ్ణి కన్నది దేవకి, పెంచింది యశోద. ఆ ఇద్దరిలో ఎవరి బిడ్డవని ఆయన్ను ఏ భక్తుడూ నిలదీయలేదు. కర్ణుడిది మరీ గట్టి ఉదాహరణ. యుద్ధానికి ముందు కృష్ణుడే వచ్చి నువ్వు కుంతి కొడుకువి, పెద్దవాడివి, రాజ్యం నీదని చెప్పాడు. ఆ రహస్యం బయటపడితే కర్ణుడికి దక్కేది జమీందారీ కాదు, హస్తినాపురం. అయినా పెంచిన రాధను, తనను నమ్మినవాణ్ణి వదలనన్నాడు. పుట్టుక నిజమేనని ఒప్పుకున్నాడు, దానికి తలవంచనన్నాడు. 1977లో 'దానవీరశూరకర్ణ'లో ఆ చెప్పినవాడూ, ఆ విన్నవాడూ కూడా రామారావుగారే. రెండు వేషాలూ ఆయనే వేసి, దర్శకత్వమూ ఆయనే చేశారు. ఇరవై రెండేళ్ల ముందు పంచెకట్టులో నిలబడి మేరీ అసలు పుట్టుక విని సంతోషించిన అదే మనిషి, కర్ణుడై పుట్టుక కథను పక్కకు నెట్టాడు. ఒకే నటుడి రెండు సినిమాలను ఇలా పక్కపక్కన పెట్టి చూడమనే మా వాళ్లను బతిమాలుతున్నాను.

నన్నడిగితే 'మిస్సమ్మ'కు ఇంకొక్క సీను కావాలి. పెళ్లయిన తర్వాత మొదటి ఆదివారం పొద్దున. మేరీ తలంటుకుని, బొట్టు పెట్టుకునే వచ్చి, "నాన్నగారూ, నేను చర్చికి వెళ్లొస్తాను" అంటుంది. ఎస్.వి.రంగారావుగారి జమీందారు కాదంటాడని నాకు అనిపించదు. తప్పిపోయిన కూతుర్ని మర్చిపోలేక ఏళ్ల తరబడి ఆమె పేరున బడి నడిపిన తండ్రి అతను. తన దగ్గర లేని రోజుల్లో ఆ బిడ్డను కాపాడిందెవరో కనుక్కుంటాడు. కారు తీయించి, పాల్‌గారిని కూడా వెంటబెట్టుకుని వెళ్లమంటాడు. రావు సంగతి అడగక్కర్లేదు. అప్పటికే చొక్కా గుండీలు పెట్టుకుంటూ గేటు దాకా వెళ్లిపోయి ఉంటాడు.