కొండ ఎక్కేముందు ఇంట్లో చెప్పండి



కిందటి వేసవిలో ఒక ఆదివారం దివ్యబలిపూజ ముగిశాక ఒక తల్లి మరియమాత స్వరూపం ముందు నుండి కదలలేదు. కొడుకు ఒక బృందంతో హిమాలయాలకు వెళ్లాడు. రెండు రోజులుగా ఫోను పలకడం లేదు. మూడవనాడు అబ్బాయే మాట్లాడాడు: "సిగ్నల్ లేదమ్మా, అంతే!" ఆ సంగతి గైడు బయలుదేరకముందే చెప్పాడట. అబ్బాయే ఇంట్లో చెప్పలేదు.

మన నర్సీపట్నం వారికి ఇది కొత్త కాదు. లంబసింగి ఘాట్ ఎక్కుతుంటేనే కొన్ని మలుపుల్లో ఫోను మూగబోతుంది. ఇక మంచుకొండల్లో చలికి బ్యాటరీ కూడా త్వరగా దిగిపోతుంది. శాటిలైట్ ఫోను మన దేశంలో ప్రభుత్వ అనుమతి లేకుండా వాడకూడదు. గైడు చేతిలో వైర్‌లెస్ సెట్టు ఉన్నా అది ప్రాణరక్షణకే గాని మన కబుర్లకు కాదు.

నెల్లూరు జిల్లా బిడ్డ మల్లి మస్తాన్ బాబు గారిని తలచుకుందాం. 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలు ఎక్కిన ధీరుడు. 2015 మార్చి 24న ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా శిఖరం వైపు సాగారు. ఆ తరువాత కబురు లేదు. రావలసిన వేళకు రాలేదని మిత్రులు గుర్తించబట్టే వెదుకులాట మొదలైంది. ఏప్రిల్ తొలి వారంలో ఆయన మృతదేహం కనిపించింది. ప్రాణం దక్కలేదు, కాని ఆయన స్వగ్రామం చేరారు. ఎదురుచూసే వారికి మన తిరుగు వేళ తెలిసి ఉండటం ఎంత అవసరమో చూడండి.

నా తప్పు కూడా ఒప్పుకుంటాను. పెద్ద సెమినరీలో తత్వశాస్త్రం చదువుతూ మానవ సంబంధాల గురించి పుటలకు పుటలు రాశాను. ఇంటికి మాత్రం నెలల తరబడి ఉత్తరం రాయలేదు. పోస్ట్‌మాన్ సైకిలు గంట మోగితే అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడేదని, ఆమె పోయాక చెల్లెలు చెప్పింది.

యేసు ప్రభువు కూడా కొండ ఎక్కారు. ఒక రాత్రంతా అక్కడ తండ్రితో ప్రార్థనలో గడిపారని లూకా సువిశేషం 6వ అధ్యాయం చెబుతోంది. తెల్లవారగానే పన్నెండుగురిని ఎన్నుకొని, వారితో దిగివచ్చి, తన కోసం వచ్చిన జనం మధ్య నిలిచారు. తండ్రిని మరువలేదు, కింద ఉన్నవారినీ మరువలేదు.

యువతీ యువకులారా, బయలుదేరే ముందు ఒక కాగితం రాసి క్యాలెండరు పక్కన పెట్టండి. గైడు పేరు, నిర్వాహకుల ఫోను నంబరు, వెళ్లే దారి, ఫోను అందని రోజులు, దిగివచ్చే తేదీ, ఆ రోజుకు కబురు రాకపోతే ఎవరిని అడగాలో అందులో ఉండాలి. దిగగానే ఫొటోలు పంపడం తరువాత, ముందు అమ్మతో మాట్లాడండి.

తల్లిదండ్రులారా, ఫోను అందదని ముందే చెప్పిన రోజుల్లో బెంగపడకండి, జపమాల చేతపట్టుకోండి. గడువు దాటితే మాత్రం ఆలస్యం చేయక నిర్వాహకులను అడగండి. ప్రార్థిస్తూనే విచారించండి, విచారించడం అవిశ్వాసం కాదు.

కొండలను సృజించిన తండ్రి మన బిడ్డలను క్షేమంగా ఇంటికి చేర్చును గాక! ఆమెన్.