సొంత ఇల్లు, పరిమాణ వ్రతము

అద్దె ఇంట నున్న వర్తకుడు దూలమునకు చెదలు పట్టినచో యజమానికి కబురు పంపి ఊరకుండును. ఇల్లు కొన్న మరునాటినుండి ఆ చెదలు తనవి. చిన్న పట్టణమున మొదటిసారి ఇల్లు కొన్నవానికి ధర్మసందేహము మొదలగునది ఇచ్చటనే, దస్తావేజు వ్రాయించుకొను నాడు కాదు.

తత్త్వార్థ సూత్రము వ్రతులను అగారి యనియు, అనగారి యనియు రెండు తెగలుగా చెప్పినది. అగారమనగా ఇల్లు. ఇల్లుండుటయే దోషమైనచో గృహస్థునకు ఆ పేరు పెట్టియుండరు. అయినను ఆ గ్రంథమే మమకారమును పరిగ్రహమనినది. పరిమితి విధించుకొనవలసిన వానిలో పొలమును, ఇంటిని మొట్టమొదట చేర్చినది. వెండి బంగారములు వాటి తరువాతనే. మన వర్తకులు బంగారము లెక్కను గూర్చియే ఎక్కువ జాగ్రత్తపడుదురు గనుక ఈ వరుస గమనింపదగినది.

కర్ణాటకమున తెలుగు మాటలాడువారు అధికముగా గల పావగడ ప్రాంతమును తీసికొందము. వానలు తక్కువైన సీమ. మిగిలియున్న పాత ఇండ్లలో చవుడు మిద్దెలు కలవు: కొయ్య దూలములు, దంతెలు, పైన మట్టి. వానలకు ముందు పైన చవుడు పరవనిచో మిద్దె కారును. తడిసిన దంతెకు చెదలు వచ్చును. సకాలమున నాలుగు గంపల చవుడు వేయించిన గృహస్థు మందు చల్లు పనిని చాలవరకు తప్పించుకొనును. ఆరంభి హింస గృహస్థునకు పూర్తిగా తప్పదని పెద్దలు ఒప్పుకొన్నారు. అజాగ్రత్తవలన కలుగు హింసకు ఆ మినహాయింపు చెల్లునా? నీటి విషయమును ఇట్టిదే. పెరటి బావి యున్నచో వడగట్టిన గుడ్డలో నిలిచిన జీవములను ఆ బావి నీటిలోనే విడువవచ్చును. బోరు గొట్టములో విడుచుట యెట్లు? బావి పూడ్చి గది వేయుమన్నచో మేస్త్రీ గది వెడల్పు చెప్పును గాని ఈ మాట చెప్పడు.

ఇంతకంటె చిక్కైనది మరియొకటి కలదు. ఒక్క ఇల్లు చాలునని నియమము పట్టినవాడు పొరుగిల్లు కొని, నడిమి గోడ తీయించి, ఇప్పటికిని తనది ఒక్క ఇల్లే యనును. శ్రావకాచారములు వ్రాసినవారు ఈ ఉపాయమును ఏనాడో ఎరిగి, దానికి యోజనమని పేరు పెట్టి, అతిచారములలో చేర్చిరి. చిన్న పట్టణమున ఈ ప్రలోభము తరచు వచ్చును. ఏలయన కరవు సంవత్సరమున పొరుగువాడు తానే వచ్చి ఇల్లు అమ్మజూపును. ధరయు తక్కువ. కొననిచో వాని అవసరము తీరదనుట నిజమే. అప్పిచ్చి వాని ఇల్లు వానికే నిలుపవచ్చుననుటయు నిజమే. ఈ రెండవ మాట బేరమున సామాన్యముగా ప్రస్తావనకు రాదు. ఇల్లు కొని గోడ తీసిన పిమ్మట, ఇన్నాళ్లు ఆ పొరుగింటి బావికి వచ్చి నీరు తోడుకొనుచున్న వీధివారు ఇక ఏ వాకిటినుండి రావలెనో కొన్నవాడే చెప్పవలెను.