ఫైలు పెద్దదైతే పాట పెద్దదవుతుందా?

మన ఛానల్‌లో పాత భజనలు, హరికథలు పెట్టినప్పుడల్లా కొందరు భక్తులు ఒక మాట అడుగుతుంటారు. "ఇదే 24-బిట్, 192 కిలోహెర్ట్జ్‌లో, హై రిజల్యూషన్‌లో పెట్టొచ్చు కదండీ?" అని. పెట్టొచ్చు. రెండు నిమిషాల పని. పాత ఎంపీత్రీని కంప్యూటర్‌లో తెరిచి, సేవ్ చేసేటప్పుడు 192 అని ఎంచుకుంటే సరి. నిమిషానికి ఒక మెగాబైటు ఉన్న పాట 69 మెగాబైట్లు అయి కూర్చుంటుంది. ఫైలు మీద 192 అని కనిపిస్తుంది కూడా. అలా చేసి దేవుడి పాట పేరు మీద పెట్టడం అబద్ధమా కాదా? నా లెక్కలో అబద్ధమే. ఎందుకంటున్నానో కాస్త ఓపిగ్గా చదవండి.

శబ్దం అంటే గాలిలో అల. ఆ అలని సెకనుకి ఇన్నిసార్లు కొలిచి అంకెలుగా రాసుకోవడమే డిజిటల్ రికార్డింగ్. సీడీకి సెకనుకి 44,100 సార్లు, వీడియోకి 48,000 సార్లు, హై రిజల్యూషన్ అనేవాటికి 96,000 లేదా 192,000 సార్లు కొలుస్తారు. (44,100 అనే వింత అంకె ఎక్కడిదంటే, తొలిరోజుల్లో డిజిటల్ శబ్దాన్ని వీడియో టేపుల మీద దాచేవారు. ఆ టేపు గీతల లెక్కలో ఇమిడిన సంఖ్య అది.) అలలో ఉన్న అతి వేగమైన కంపనానికి రెట్టింపు కన్నా ఎక్కువసార్లు కొలిస్తే ఆ అలని పూర్తిగా తిరిగి తియ్యొచ్చని 1949లో క్లాడ్ షానన్ రుజువుతో సహా రాశాడు. మనిషి చెవి మహా అయితే సెకనుకి 20,000 కంపనాల దాకా వింటుంది. వయసు మీద పడితే అంత కూడా లేదు. అందుకని వినడానికి సీడీ కొలత చాలు. 24-బిట్ అసలు ఉపయోగం రికార్డు చేసేవాడికి: గొంతు చిన్నగా అందినా తర్వాత పెంచుకోవడానికి చోటుంటుంది.

ఇక ఫార్మాట్ల సంగతి మన గుంటూరు, ప్రకాశం వాళ్ళకి చెప్పడం చాలా తేలిక. జిన్నింగ్ మిల్లులో దూదిని నొక్కి 170 కిలోల బేలు కడతారు. ఎంత నొక్కినా, విప్పితే దూది దూదే. ఫ్లాక్ అనే ఫార్మాట్ అలాంటిది. ఫైలు చాలావరకు తగ్గుతుంది, విప్పితే ఒక్క అంకె తేడా లేకుండా తిరిగొస్తుంది. ఎంపీత్రీ మరాడించిన మిరపకాయ. పెద్ద శబ్దం పక్కన చిన్న శబ్దం చెవికి ఆనదు గదా అని లెక్కగట్టి, ఆనని భాగాన్ని తీసి పారేస్తుంది. కూరలోకి కారం బ్రహ్మాండంగా పనికొస్తుంది, నేనేమీ ఎంపీత్రీని తిట్టడంలేదు. కానీ కారంలోంచి కాయ తిరిగి రాదు. ఆ ఎంపీత్రీని 192 చెయ్యడం అంటే, అమ్మకానికి తెచ్చే ముందు టిక్కీల మీద నీళ్ళు చల్లడమే. తూకం పెరుగుతుంది, సరుకు పెరగదు.

"వినేవాడికి ఆనందంగానే ఉంది, నష్టం ఎవరికండీ?" అని ఒక మిత్రుడు అడిగాడు. మంచి ప్రశ్నే. ఇవాళ వినేవాడికి నష్టం లేదు. నష్టమంతా ముప్పై ఏళ్ళ తర్వాత వచ్చేవాడికి. 192 అని చూసి ఇదే అసలు ప్రతి అనుకుంటాడు, అటక మీది క్యాసెట్టు అనవసరం అని పారేస్తాడు. అప్పుడు పోయింది పోయినట్టే.

అసలు ఏది పోతే పోయినట్టు? ఇక్కడే మన పెద్దల మాట గుర్తుకొస్తుంది. మహాభాష్యంలో పతంజలి భేరి ఉదాహరణ చెప్తాడు. భేరి మీద ఒక దెబ్బ శబ్దం ఇరవై అడుగుల దాకా పోతుంది, ఇంకో దెబ్బది నలభై అడుగుల దాకా పోతుంది. ఆ పెరగడం, తరగడం అంతా ధ్వనిది. లోపల తెలియవలసిన శబ్దం, స్ఫోటం అంటారే అది, పెరగదు తరగదు. ఈ లెక్కన చూస్తే ఫార్మాట్ ఏదైతే ఏమిటి? రామనామం ఎంపీత్రీలో ఉన్నా రామనామమే. వేదం నిలబడ్డ తీరు చూడండి. సంహితని పదపాఠంగా, క్రమంగా, జటగా, ఘనగా మార్చి మార్చి వల్లె వేశారు. ఘన చెప్పగలిగినవాడి దగ్గర్నుంచి సంహితని మళ్ళీ అక్షరం పోకుండా రాబట్టవచ్చు. ఎక్కడైనా అక్షరం జారితే ఆ అల్లికలోనే పట్టుబడుతుంది. ఫార్మాట్ మార్చడం తప్పని మన సంప్రదాయం ఎప్పుడూ అనలేదు. తిరిగి వచ్చే దారి ఉంచి మార్చమంది, అంతే.

అయితే ఒక చిక్కుంది. ఫోన్లలో తిరిగే కొన్ని భజనల్లో గొంతు సన్నగా, తొందరగా వినిపిస్తుంది, గమనించారా? 44,100 చొప్పున కొలిచిన అంకెల్ని 48,000 అనుకుని వాయిస్తే అలా అవుతుంది. గంట పాట 55 నిమిషాల్లో అయిపోతుంది. ఒకటి శ్రుతిలో పాడింది ఒకటిన్నర దాటి రెండుకి దగ్గరవుతుంది. స్వరం తప్పితే మంత్రమే తిరగబడుతుందని త్వష్ట కథ చెప్తుంది కదా, 'ఇంద్రశత్రు' అన్న మాటలో స్వరం మారి యజ్ఞం ఎదురు తిరిగిందని. ఇక్కడ ఆ దోషం రాదు. అన్ని స్వరాలూ ఒకే నిష్పత్తిలో పైకి పోతాయి గనక ఉదాత్తం ఉదాత్తంగానే, అనుదాత్తం అనుదాత్తంగానే ఉంటాయి. రాగం కూడా చెడదు. పోయేది మనిషి. అది మా నాన్న గొంతే కాదండీ అంటారు ఇంట్లోవాళ్ళు.

ఒంగోలు పక్కన కరవదిలో 1924లో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి నాదస్వరంతో రంగనాథుణ్ణి కొలిచిన షేక్ చినమౌలానా గారు 1999లో వెళ్ళిపోయారు. ఆయన వాయించిన రాగం ఇంకొకరు వాయిస్తారు. ఆ ఊపిరి మాత్రం ఉన్న రికార్డుల్లోనే ఉంది. ఘంటసాల గారి భగవద్గీత 1974లో, ఆయన పోయిన తర్వాత బయటికొచ్చింది. శ్లోకాలు ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. అయినా మన పల్లెల్లో ఎవరైనా పోతే మైకులో ఆ గొంతే కావాలంటారు. స్ఫోటం ఒక్కటే చాలు అనుకుంటే ఈ పట్టుదల ఎందుకు? నేను పతంజలిని కాదనేవాణ్ణి కాదు. కానీ భక్తుడికి పాటా కావాలి, పాడినవాడూ కావాలి.

ఆ మధ్య పర్చూరు వైపు పల్లె నుంచి ఒక కుటుంబం క్యాసెట్టు పంపింది. ధనుర్మాసంలో రామాలయం భజన, పాడినాయన ఇప్పుడు లేరు. టేపు బుస, దూరంగా జిన్నింగ్ మిల్లు మోత, దగ్గులు, వెనక వంతపాటలో ఆయన భార్య గొంతు, అదీ లీలగా. కొడుకుగారు "నాన్న గొంతు ఒక్కటే ఉంచి తక్కినదంతా తీసెయ్యండి" అన్నారు. కూతురుగారు మర్నాడు విడిగా ఫోన్ చేసి, "అమ్మ గొంతు ఇంకెక్కడా లేదండీ, అది కూడా పోతుందా?" అని అడిగారు. పోతుంది. బుస తీసే సాఫ్ట్‌వేర్‌కి లీలగా ఉన్న మనిషి గొంతుకీ టేపు బుసకీ తేడా అంత బాగా తెలియదు. దానికి రెండూ అడుగున ఉన్న మడ్డే.

బుస అంటే అంత చులకన కూడా పనికిరాదు. 24-బిట్‌ని 16-బిట్‌కి దించేటప్పుడు అతి చిన్న శబ్దాలు ముక్కలైపోకుండా మేమే కావాలని కాస్తంత రొద కలుపుతాం. డిథర్ అంటారు దాన్ని. ఆ రొద ఉంటేనే దాని అడుగున సన్నటి శబ్దం బతుకుతుంది. వింతగా ఉంటుంది గానీ లెక్కకి నిలిచిన మాట.

ఆ ఇంటికి రెండు ప్రతులు ఇచ్చాం, ఒకటి శుభ్రం చేసింది, ఒకటి ఉన్నదున్నట్టు. ఛానల్‌లో పెట్టింది మాత్రం మిల్లు మోతతో ఉన్నదే. కొడుకుగారికి అది నచ్చలేదు, ఇప్పటికీ నచ్చలేదు. ఆయన బాధలోనూ న్యాయం ఉంది. తండ్రి గొంతు తేటగా వినాలనుకోవడం తప్పెలా అవుతుంది? అందుకే తేట ప్రతి ఆయన దగ్గరుంది. లోకానికి చూపించేదాన్లో ఎవర్నీ తీసెయ్యడం నాకు మనసొప్పలేదు.

ఇకనుంచి ప్రతి వీడియో కింద రాస్తాం: మూలం క్యాసెట్టా, సీడీయా, ఎంపీత్రీయా, దేంట్లోంచి దేంట్లోకి మార్చాం, ఏమైనా తీశామా అని. యూట్యూబ్ మనం ఏది ఎక్కించినా తన పద్ధతిలో మళ్ళీ కుదించే వినిపిస్తుంది, కాబట్టి అక్కడ 192 కోసం వెతక్కండి. మీ ఇళ్ళల్లో పాత క్యాసెట్లుంటే ఎండ తగలని చోట నిలబెట్టి ఉంచండి. కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు 24-బిట్, 48 లేదా 96లో తీసుకుని, ఫ్లాక్‌గా రెండు చోట్ల దాచండి. శుభ్రం చెయ్యాలనుకుంటే దాని నకలు మీద చెయ్యండి.